ఇంకెన్నాళ్లీ కాకిలెక్కలు?

2002లో కొద్ది నెలల తేడాతో రెండు పరిణామాలు జరిగాయి. మార్చి 17న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, జర్మనీ అంతరిక్ష కేంద్రం కలిసి ‘గ్రేస్’ పేరుతో జంట ఉపగ్రహాలను కక్ష్యలోకి పంపాయి. ఒక పెద్ద నది పరీవాహక ప్రాంతంలో నేలమీదా, నేల లోపలా కలిపి నెలనెలా నీరు ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో ఆకాశం నుంచి తూచి చెప్పడం వాటితోనే మొదటిసారి సాధ్యమైంది. అదే ఏడాది ఆగస్టులో, అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టానికి పార్లమెంటు చేసిన సవరణ అమల్లోకి వచ్చింది. ఆ సవరణతో చేరిన 9ఎ సెక్షన్ ప్రకారం ప్రతి నదీ పరీవాహక ప్రాంతానికీ జాతీయ స్థాయిలో సమాచార నిధిని కేంద్రమే నిర్వహించాలి. అడిగిన సమాచారాన్ని రాష్ట్రాలు ఇచ్చి తీరాలి. ఇచ్చిన అంకెలు నిజమో కాదో తనిఖీ చేసే అధికారం కూడా కేంద్రానిదే. సాధనం, చట్టం ఒకే ఏడాది చేతికందాయి. రెండు దశాబ్దాలు దాటాక కూడా కృష్ణా నదిలో ఎవరు ఎంత నీరు వాడుకున్నారన్న ప్రశ్నకు రెండు తెలుగు రాష్ట్రాలూ, కేంద్రమూ అంగీకరించే ఒక్క సమాధానం లేదు. ఈ వైఫల్యానికి శాస్త్రాన్ని నిందించి తప్పించుకోవడం కుదరదు. ఇది పాలకుల వైఫల్యం.

ఈ మాట తేలిగ్గా అంటున్నది కాదు. 2014లో రాష్ట్ర విభజన చట్టం కృష్ణా, గోదావరి నదులకు వేర్వేరు యాజమాన్య బోర్డులను ఏర్పరచింది. 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటులో కృష్ణాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కున్న 811 టీఎంసీల వాటా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలు అన్నారు. అది తాత్కాలికమే అయినా ఏళ్ల తరబడి కొనసాగి, ఆ తరువాత వివాదంలో పడింది. పంపకంపై వాదులాడుకోవడం రాష్ట్రాల హక్కు. కొలతపైనే ఏకాభిప్రాయం లేకుండా పంపకంపై చేసే వాదన ఎటూ తేలదు. 2021 జులైలో తెలంగాణ చేపట్టిన జల విద్యుదుత్పత్తిపై వివాదం రేగింది. పులిచింతల మీదుగా వచ్చిన నీరు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రంలో కలుస్తుంటే, అది ఎవరి ఖాతాలో పడాలన్న వాదులాట మాత్రమే మిగిలింది. 2023 నవంబరు 30న, తెలంగాణ పోలింగ్ జరుగుతున్న రోజున, నాగార్జునసాగర్ ఆనకట్టపైకి ఆంధ్రప్రదేశ్ పోలీసులు వెళ్లారు. కుడి కాల్వకు నీరు వదిలారు. చివరకు కేంద్ర బలగాలు ఆనకట్టకు కాపలా కాయాల్సి వచ్చింది. రెండు ప్రజాప్రభుత్వాల మధ్య ఒక ఆనకట్ట సరిహద్దు రేఖగా మారడం తెలుగువారు సిగ్గుపడాల్సిన ఘట్టం.

2025 జులై 16న ఢిల్లీలో కేంద్ర జల్‌శక్తి మంత్రి సమక్షంలో ఇద్దరు ముఖ్యమంత్రులు సమావేశమై, నీటిని తీసుకునే అన్ని చోట్లా టెలిమెట్రీ పరికరాలు అమర్చేందుకు ఒప్పుకున్నారు. దాన్ని విజయంగా చెప్పుకొన్నారు. విభజన జరిగిన పదకొండేళ్లకు కొలిచే పరికరం పెట్టుకుందామన్న అంగీకారం విజయమైతే, ఆ పదకొండేళ్ల నిర్లక్ష్యాన్ని ఏమని పిలవాలి? కృష్ణా బోర్డు తొలిదశ టెలిమెట్రీ కేంద్రాలను చేపట్టి ఎన్నో ఏళ్లయింది. పోతిరెడ్డిపాడు దగ్గర పరికరాన్ని హెడ్ రెగ్యులేటర్ వద్ద పెట్టాలా, కాల్వ మీద దిగువన పెట్టాలా అన్న ఒక్క వివాదమే ఏళ్లు మింగింది. ఆ ఢిల్లీ సమావేశం ముగిసిన రెండు వారాలకు, జులై 30న, శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసా ఉమ్మడి ఉపగ్రహం ‘నిసార్’ నింగికెగిసింది. పన్నెండు రోజులకోసారి భూమి ఉపరితలాన్ని మబ్బుల చాటు నుంచి, చీకట్లోంచి కూడా చూడగల రాడార్ కన్ను అది. దేశ దూరసంవేదన సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సి ఉన్నది హైదరాబాద్ బాలానగర్‌లో. ఉపగ్రహాల సమాచారం అందుకునే దాని కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. ఉపగ్రహాలను పంపే చోటు ఒక తెలుగు రాష్ట్రంలో, వాటి కబురు అందుకునే చోటు మరో తెలుగు రాష్ట్రంలో ఉండగా, ఈ రెండు రాష్ట్రాలే తమ ఉమ్మడి నదికి నమ్మదగిన లెక్క లేదని ట్రైబ్యునళ్ల ముందు వాదించుకుంటున్నాయి.

ఉపగ్రహాలు ఏం చెప్పగలవో, ఏం చెప్పలేవో స్పష్టంగా తెలుసుకోవడం అవసరం. ఒక జలాశయంలో నిల్వను అంచనా వేయడానికి రెండు సంగతులు కావాలి: నీరు ఎంత విస్తీర్ణంలో పరచుకుంది, నీటిమట్టం ఎంత ఎత్తులో ఉంది. విస్తీర్ణాన్ని మన రిసోర్స్‌శాట్‌తో పాటు ఐరోపా దేశాల సెంటినెల్, అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు ఏళ్లుగా నమోదు చేస్తున్నాయి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి, సెంటినెల్ చిత్రాలు మొదటి నుంచీ ప్రపంచంలో ఎవరికైనా ఉచితం. వానాకాలం మబ్బులు అడ్డమొస్తే రాడార్ ఉపగ్రహాలున్నాయి. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈఓఎస్-04 ఆ కోవలోదే. ఇక నీటిమట్టం సంగతి. నాసా, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి 2022 డిసెంబరు 16న పంపిన ‘స్వాట్’ ఉపగ్రహం 250 మీటర్ల పొడవు, వెడల్పు ఉన్న చెరువుల నుంచి మహా జలాశయాల దాకా, వంద మీటర్లకు మించి వెడల్పున్న నదుల దాకా నీటి ఎత్తును కొలిచేలా రూపొందింది. విస్తీర్ణం, ఎత్తు రెండూ చేతిలో ఉంటే నిల్వలో వచ్చిన మార్పు లెక్కకు అందుతుంది. శ్రీశైలం, సాగర్, జూరాల, ఆల్మట్టి, తుంగభద్ర, ఏదీ దీనికి మినహాయింపు కాదు.

గ్రేస్ చేసే పని వేరు. సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి సాగే రెండు ఉపగ్రహాలు తమ మధ్య దూరాన్ని తల వెంట్రుక మందం కన్నా సూక్ష్మంగా నిత్యం కొలుచుకుంటాయి. కింద నీరు ఎక్కువున్న చోట భూమి ఆకర్షణ కాస్త పెరుగుతుంది. ముందు ఉపగ్రహం కొద్దిగా ముందుకు లాగబడి, ఆ దూరం మారుతుంది. ఈ మార్పుల నుంచి ఒక పరీవాహక ప్రాంతంలోని మొత్తం నీటి బరువు నెలనెలా ఎటు పోతున్నదీ లెక్కగడతారు. 2017లో ఆ జంట పని ముగిసింది. 2018 మేలో దాని వారసురాలు కక్ష్యలోకి చేరి ఇప్పటికీ ఆ పని చేస్తోంది. జలాశయాల్లోని నీరు, నేలలోని తేమ, భూగర్భ జలం అన్నీ కలిసిన మొత్తం అది. వీటిలో జలాశయం, తేమ వాటాలను వేరుగా అంచనా వేసి తీసేస్తే, మిగిలేది పాతాళంలోని నీటి సంగతి. మూడో సాధనం కూడా ఉంది. నీరు తాగిన పొలం, ఎండిన పొలం కంటే చల్లగా ఉంటుంది. ఆ వేడి తేడాను చూసి ఏ ఆయకట్టులో ఎంత నీరు ఆవిరైందో, పైరు ఎంత వాడుకుందో ఉపగ్రహం అంచనా కట్టగలదు. కాల్వ తలదగ్గర ఎంత వదిలారన్నది రాష్ట్రాలు చెప్పే మాట. పొలంలో ఎంత ఖర్చయిందన్నది పొలమే చెప్పే సాక్ష్యం.

ఇంత స్పష్టత సాధ్యమైన కాలంలో మనం ఎలాంటి అస్పష్టతతో బతుకుతున్నామో మూడు జలాశయాల లెక్కే చెబుతుంది. శ్రీశైలం నిర్మించినప్పటి నిల్వ సామర్థ్యం 308.06 టీఎంసీలు. ఇప్పుడు 885 అడుగుల పూర్తి నీటిమట్టం దగ్గర 215.81 టీఎంసీలు. నాగార్జునసాగర్‌ది 408.24 నుంచి 312.05కు పడిపోయింది. తుంగభద్రది దాదాపు 133 నుంచి 105.79కు కుంగింది. పూడిక తిన్న ఈ మూడు అంకెలనూ కూడితే సుమారు 215 టీఎంసీలు. అంటే నేడు మనకున్న శ్రీశైలమంత జలాశయం ఒకటి మన కళ్లెదుటే మాయమైంది. ఈ నష్టం ఒక్క రాత్రిలో జరగలేదు. వేసవిలో నీటిమట్టం దిగినప్పుడు, వానాకాలంలో ఎక్కినప్పుడు ఉపగ్రహం తీసే వరుస చిత్రాలు ఏయే మట్టం దగ్గర విస్తీర్ణం ఎంత తగ్గిందో చెబుతాయి. దాని నుంచి పూడిక ఎంతో తెలుస్తుంది. ఈ పద్ధతిని కేంద్ర జల సంఘమే ఎన్నో జలాశయాల సర్వేలకు వాడింది. అయినా ఈ సర్వేలు క్రమం తప్పకుండా జరిగి, ఫలితాలు ప్రజల ముందుకు వచ్చి, కేటాయింపులను సవరించే ఆనవాయితీ ఏర్పడలేదు. లేని నీటిని కాగితం మీద పంచుకుని, ఉన్న నీటి కోసం ఆనకట్టల మీద తోసుకునే దుస్థితి ఇలా దాపురించింది.

ఎందుకిలా? ఈ అస్పష్టత పాలకుల్లో ఎవరికీ నష్టం కాకపోగా అందరికీ లాభమే కావడం వల్ల. ఎగువ రాష్ట్రానికి, తాను వాడుకున్నది తక్కువ చేసి చెప్పుకొనే వెసులుబాటు. దిగువ రాష్ట్రానికి, తనకు రావలసింది రాలేదని గోల పెట్టే వెసులుబాటు. కొత్త ఎత్తిపోతలకు శంకుస్థాపన చేసే ముఖ్యమంత్రికి, ఆ పథకానికి నీరుందా అని ఎవరూ ఖాయంగా అడగలేరన్న ధీమా. ప్రతిపక్ష నేతకు, ఏ అంకె అయినా ఎత్తి చూపగల స్వేచ్ఛ. కేంద్రానికి, ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి పెద్దమనిషి పాత్ర పోషించే అవకాశం. గట్టు తగాదా పడిన అన్నదమ్ముల్లో ఎవరూ సర్వేయర్‌ను రానివ్వకపోతే, ఆ ఇద్దరికీ గొలుసు పడితే బయటపడే నిజమంటేనే భయమని ఊరంతా అనుకుంటుంది. కృష్ణా విషయంలో మన పాలకుల మీద ప్రజలకు కలుగుతున్న అనుమానమూ అదే. ఆ అనుమానాన్ని తొలగించే భారం ప్రజల మీద కాదు, వారి మీదే ఉంది.

అభ్యంతరాలను పక్కన పెట్టడం న్యాయం కాదు. గ్రేస్ చూపు మసక చూపే. దాదాపు 300 కిలోమీటర్ల పరిధిలోని మార్పుల మొత్తాన్నే అది చూడగలదు. ఒక్క జూరాలనో, పులిచింతలనో అది వేరుగా గుర్తించలేదు. అయితే కృష్ణా పరీవాహకం దాదాపు 2.59 లక్షల చదరపు కిలోమీటర్లు. మహాబలేశ్వర్ నుంచి హంసలదీవి దాకా మొత్తం నది పరిస్థితి చెప్పడానికి ఆ చూపు సరిపోతుంది. స్వాట్ తన కక్ష్యా మార్గాన్ని తిరిగి మొదలుపెట్టేది 21 రోజులకోసారి. కాబట్టి గేటు తెరిచిన గంటలో ఎన్ని క్యూసెక్కులు పోయాయో చెప్పడం దాని పని కాదు. అందుకు టెలిమెట్రీ, నేలమీది కొలతలే దిక్కు. ఉపగ్రహ అంచనాలను నేలమీది సాక్ష్యంతో సరిచూసుకోవడం అవసరమన్నదీ నిజమే. ఈ పరిమితులన్నీ ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. నేలమీది కొలత మీద ఇద్దరికీ నమ్మకం లేనప్పుడు, ఇద్దరి చేతిలోనూ లేని ఒక మూడో కొలతతో దాన్ని పోల్చి చూడటానికి అభ్యంతరమేమిటి? ఒక నెలలో సాగర్ నిల్వ ఇంత తగ్గిందని ఆకాశం చెబుతూ, కాల్వల రికార్డులు దానికి పొంతన లేని మరో అంకె చెబితే, ఎక్కడ తేడా ఉందో వెతకడం ఇంజనీర్లకు తెలిసిన పనే. వెతకమని ఆదేశించేవారు లేకపోవడమే సమస్య.

జాతీయ భద్రత అనే వాదన కృష్ణాకు వర్తించదు. విదేశాలకు పారే నదులైన గంగ, బ్రహ్మపుత్ర, సింధు పరీవాహకాల సమాచారంపై కేంద్రం పెట్టుకున్న ఆంక్షలు దక్షిణాది నదులకు లేవు. పటాలు, భూసమాచారంపై ఉన్న నిబంధనలను కేంద్రమే 2021 ఫిబ్రవరిలో సడలించింది. నిధులు లేవన్న సాకూ నిలవదు. 2016లో సుమారు రూ.3,680 కోట్లతో జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2018లో జాతీయ జల సమాచార కేంద్రం ఏర్పడింది. ఇండియా-డబ్ల్యూఆర్‌ఐఎస్ వేదిక పనిచేస్తోంది. జలాశయాల నిల్వపై కేంద్ర జల సంఘం వారంవారం ప్రకటన ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ జల వనరుల సమాచార వ్యవస్థ రోజువారీ నిల్వలను ప్రజలకు అందుబాటులో ఉంచింది. ఇవన్నీ మెచ్చుకోదగినవే. కానీ ప్రాజెక్టు అధికారులు పంపే అంకెలే వీటిలో చాలావాటికి ఆధారం. ఆ అంకె నిజమేనా అని బయటి నుంచి ఎవరో తూచి, తేడా ఉంటే చెప్పే బాధ్యత ఏ సంస్థకూ లేదు. 9ఎ సెక్షన్ ఇచ్చిన తనిఖీ అధికారం ఆచరణలో ఎక్కడా కనిపించదు. 2019 జులైలో లోక్‌సభ ఆమోదించిన నదీ జల వివాదాల సవరణ బిల్లు ఈ సమాచార నిధికి ప్రత్యేక సంస్థను ప్రతిపాదించింది. అది రాజ్యసభ గడప దాటలేదు. చేసిన చట్టాన్ని అమలు చేయక, చేయబోయిన చట్టాన్ని పూర్తి చేయక గడిపిన ఈ కాలానికి కేంద్రం జవాబు చెప్పాలి.

ఉపగ్రహ సాక్ష్యం ఎంత బలమైనదో తెలియని కాలం కాదిది. 2009లో నాసా శాస్త్రవేత్త మాథ్యూ రోడెల్ బృందం ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన మన దేశం గురించే. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు మధ్య రాజస్థాన్, పంజాబ్, హరియాణాల్లో, ఢిల్లీతో కలిపి, 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం హరించుకుపోయిందని గ్రేస్ ఆధారంగా అది లెక్కగట్టింది. మన కొలమానంలో అది సుమారు 3,850 టీఎంసీలు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో ఆ నదిలో ఏడాదికి లభిస్తుందన్న 2,060 టీఎంసీలకు దాదాపు రెట్టింపు. అమెరికాలోని కొలరాడో పరీవాహకంలోనూ ఇదే పద్ధతిలో పరిశోధకులు 2004 నుంచి 2013 వరకూ నీటి నష్టాన్ని లెక్కవేశారు. పోయినదాంట్లో మూడొంతులకు పైగా భూగర్భ జలమేనని తేలింది. జలాశయాల మట్టాలపై ఏడు రాష్ట్రాలు వాదులాడుకుంటున్న వేళ, అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనపడని చోట జరిగిపోయింది. కృష్ణా విషయంలోనూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. జలాశయాల వాటాలపైనే మన పట్టుదలంతా నిలిచిపోతే, బోర్లు తోడేసే నీరు ఎవరి వాటాలోనూ పడదు, ఎవరి మనసుకూ పట్టదు.

ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది మరో పాఠం చెబుతుంది. ఎగువన చైనా కట్టిన ఆనకట్టల్లో ఎంత నీరుందో దిగువన ఉన్న థాయిలాండ్, కంబోడియా, వియత్నాం రైతులకు తెలిసేది కాదు. 2020 డిసెంబరులో స్వతంత్ర పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో ఆ ఆనకట్టల నిల్వలను వారంవారం బహిరంగంగా ప్రకటించడం మొదలుపెట్టారు. ఏ ప్రభుత్వం అనుమతీ లేకుండానే అక్కడి రైతు, విలేకరి, పరిశోధకుడు ఎగువ జలాశయం పరిస్థితి తెలుసుకోగలుగుతున్నారు. బ్రహ్మపుత్రపై చైనా కడుతున్న భారీ ఆనకట్ట గురించి, ఆ దేశం నీటి సమాచారం సరిగా పంచుకోదన్న విషయం గురించి మన దేశం ఆందోళన పడటం న్యాయమే. అయితే పొరుగు దేశాన్ని పారదర్శకత అడిగే దేశం తన సొంత రాష్ట్రాల మధ్య పారదర్శకత సాధించలేకపోతే, ఆ అడగడంలో నైతిక బలం ఎంత ఉంటుంది? మహారాష్ట్ర, కర్ణాటకలు కృష్ణా బోర్డు పరిధిలో లేవు. ఎగువ సగానికి పైగా నది బోర్డుకు అందనిది. నది మొత్తానికి ఒకే లెక్క అందించగల సాధనం నేడు ఉపగ్రహం ఒక్కటే.

తెలిసి కూడా పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి సిక్కిం ఉంది. దక్షిణ లోనక్ హిమానీ సరస్సు పెరుగుతోందని, దాని గట్టు తెగే ప్రమాదముందని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా శాస్త్రజ్ఞులు 2013లోనే హెచ్చరించారు. 2023 అక్టోబరు 3 అర్ధరాత్రి తరువాత ఆ సరస్సు గట్టు తెంచుకుంది. ఎన్‌ఆర్‌ఎస్‌సి చిత్రాల ప్రకారం సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4న 60.3 హెక్టార్లకు తగ్గిపోయింది. తీస్తా నది పొంగి, చుంగ్‌తాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్ట కొట్టుకుపోయింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఉపగ్రహం చూసింది, శాస్త్రజ్ఞులు చెప్పారు. వారు చెప్పింది విని చర్య తీసుకునే బాధ్యత చట్టపరంగా ఎవరి మీదా లేకపోయింది. కృష్ణాకు వరదల చరిత్ర కొత్త కాదు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చినప్పుడు కర్నూలు నగరం నీట మునిగింది. ఆ వరదలో ఇళ్లు, బతుకులు కోల్పోయినవారు ఇంకా ఉన్నారు. మహారాష్ట్రలో సాంగ్లీ 2019లో మునిగినప్పుడు ఆల్మట్టి వెనుక నీళ్లే కారణమని ఒకరు, కాదని మరొకరు వాదించారు. ఆల్మట్టి ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచాలన్న ప్రతిపాదనపై ఇప్పుడు అదే వాదన మళ్లీ లేస్తోంది. నీరు ఎక్కడి దాకా పరచుకుందో చూపే రాడార్ చిత్రాలు ఉన్నాయి. వాటిని సాక్ష్యంగా స్వీకరించే నియమం ఒక్కటే లేదు.

ఈ అస్పష్టతకు మూల్యం చెల్లిస్తున్నది రాజకీయ నాయకులు కాదు. సాగర్ ఎడమ కాల్వ చివరి భూముల రైతు నారు పోసి, నీరు ఎప్పుడొస్తుందో తెలియక ఎదురుచూస్తాడు. కృష్ణా డెల్టాలో దివిసీమ రైతు మంచినీటి ప్రవాహం తగ్గినకొద్దీ చవుడు ముంచుకొస్తుందని భయపడతాడు. పాలమూరు నుంచి వలస వెళ్లినవారు, అనంతపురంలో వేసిన బోరు ఎండిపోయిన కుటుంబాలు ప్రతి ఎన్నికలోనూ ఏదో ఒక నీటి వాగ్దానాన్ని నమ్మి మోసపోతున్నారు. ఆలంపూర్ రైతులకు రాజోలిబండ మళ్లింపు పథకం కింద బచావత్ ట్రైబ్యునల్ 15.9 టీఎంసీలు కేటాయించింది. అవి పూర్తిగా తమ పొలాలకు చేరడం లేదన్న వారి ఫిర్యాదు దశాబ్దాల నాటిది. ఆ కాల్వ కింద ఎక్కడ పచ్చగా ఉందో, ఎక్కడ ఎండిందో ప్రతి కారులోనూ ఉపగ్రహం చూస్తూనే ఉంది. ఏ రైతు సంఘమైనా, ఏ ఎమ్మెల్యే అయినా ఆ చిత్రాలను ఆధారంగా చూపి అడగగలగాలి. ఆ హక్కు దక్కకపోవడమే పెద్ద అన్యాయం.

ట్రైబ్యునళ్లకు కూడా ఈ బాధ తప్పలేదు. బచావత్ ట్రైబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చేనాటికి 78 ఏళ్ల ప్రవాహాల రికార్డుల మీద ఆధారపడింది. బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 47 ఏళ్ల రికార్డు తీసుకుంది. రికార్డు మారగానే లభ్యత అంకె మారింది. ఆ అంకెపై వివాదం కోర్టుకెక్కింది. 2023 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన కొత్త విధివిధానాలతో తెలుగు రాష్ట్రాల వాటాలపై విచారణ మళ్లీ కొనసాగుతోంది. ఒక తరం రైతులు పుట్టి, పెద్దయి, పిల్లలకు పొలం అప్పగించేంత కాలం ఒక్క నది లెక్క తేలకపోతే, అది న్యాయ వ్యవస్థ లోపం మాత్రమే కాదు. ఆధారాలు సకాలంలో సమకూర్చని ప్రభుత్వాల లోపం. ఈ పద్ధతి కొనసాగితే రేపు గోదావరి-కావేరి అనుసంధానానికీ, పెన్నాకూ, వంశధారకూ ఇదే ఆనవాయితీ అవుతుంది. కొలవకుండా పంచుకోవచ్చన్న ఆనవాయితీ ఒకసారి బలపడితే, దాన్ని చెరపడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు.

చేయాల్సింది అసాధ్యమైనదేమీ కాదు. మొదటిది, కృష్ణా పరీవాహకం మొత్తానికి, నాలుగు రాష్ట్రాలనూ కలుపుకొని, నెలనెలా నీటి జమాఖర్చు ప్రకటించాలి. జలాశయాల నిల్వ, భూగర్భ జలాల్లో మార్పు, పొలాలు వాడుకున్న నీరు, సముద్రంలో కలిసింది ఎంతో అందులో ఉండాలి. దాన్ని 9ఎ సెక్షన్ కింద కేంద్రమే ప్రచురించాలి. ఎన్‌ఆర్‌ఎస్‌సి, కేంద్ర జల సంఘం కలిసి దానికి జవాబుదారీ కావాలి. రెండోది, నేలమీది రికార్డుకూ, ఉపగ్రహ అంచనాకూ మధ్య ముందే నిర్ణయించిన పరిమితిని మించిన తేడా వస్తే, గడువులోగా ఉమ్మడి తనిఖీ జరగాలి. తనిఖీ నివేదిక అదే రోజు బయటపెట్టాలి. మూడోది, ప్రధాన జలాశయాల పూడిక సర్వేలు ఐదేళ్లకోసారి తప్పనిసరి చేసి, తేలిన సామర్థ్యం ఆధారంగానే కేటాయింపులు సాగాలి. నాలుగోది, ఈ వివరాలన్నీ ఇంజనీర్ల కంప్యూటర్లకే పరిమితం కాకూడదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ స్వచ్ఛంద వెల్లడిని ఎప్పుడో తప్పనిసరి చేసింది. నీటి వినియోగదారుల సంఘం ప్రతి సమావేశానికీ ఆ నెల లెక్క తెలుగులో అందాలి. ఏ తూముకు ఎంత రావాలో, ఎంత వచ్చిందో రైతు తెలుసుకోగలగాలి.

శాస్త్రం చేయాల్సింది చేసింది. ఇస్రో ఇంజనీర్లు, ఎన్‌ఆర్‌ఎస్‌సి శాస్త్రజ్ఞులు, ప్రపంచమంతటా ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా పంచుతున్న సంస్థలు తమ బాధ్యత నెరవేర్చాయి. నెరవేర్చనివారు సచివాలయాల్లో, మంత్రిత్వ శాఖల్లో ఉన్నారు. సాక్ష్యం తన చేతిలో ఉంచుకొని సమర్పించని పక్షానికి ఆ సాక్ష్యం ప్రతికూలంగా ఉందని భావించవచ్చన్నది న్యాయస్థానాలు ఎంతో కాలంగా పాటిస్తున్న సూత్రం. సొంత పొలం తగాదాలో సామాన్యుడికి వర్తించే ఈ సూత్రం ప్రభుత్వాలకు వర్తించకపోవడానికి కారణం లేదు. ఆకాశం నుంచి కనపడే నీటి లెక్కను ప్రజల ముందు పెట్టడానికి ఏ ప్రభుత్వం నిరాకరిస్తుందో, ఆ ప్రభుత్వం నీటి విషయంలో చెప్పే ప్రతి మాటనూ ట్రైబ్యునళ్లు, న్యాయస్థానాలు, ఓటర్లు ఆ కోణంలోనే తూచాలి.